పలక మీద ఆట – పలక మీద గీత



ప్రతి ఏడూ మన వార్షికోత్సవ సంచికలో క్రికెట్, కబడ్డీ, పరుగుపందెం వంటి ఆటల గురించి, వాటిలో పేరు తెచ్చుకున్నవారి గురించి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి మేము సదుంలో ఎవరూ ఆడని ఆటను ఒకదాన్ని ఎంచుకున్నాం. దాని పేరు స్కేట్‌బోర్డింగ్. నాలుగు చిన్న చక్రాలున్న చెక్క పలక మీద నిలబడి దొర్లడం, మలుపులు తిరగడం, ఎగరడం, మెట్లు దూకడం – ఇదే ఆ ఆట.

మన ఊళ్ళో లేని ఆట మనకెందుకు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకు కారణం ముందు చెప్పి, ఆ తరువాత పాఠంలోకి వెళ్తాం.

1. మా బేరింగుల బండి

మేము ఏడో తరగతిలో ఉన్నప్పుడు మాకంటే ఒక తరగతి పెద్దవాడైన ఒక అన్న బేరింగుల బండి తయారుచేశాడు. మెకానిక్ షెడ్డు దగ్గర అరిగిపోయాయని పారేసిన బేరింగులు మూడు ఏరుకొచ్చాడు. పాత చెక్కపెట్టె పలకలు రెండు, సర్వి కట్టె ముక్క ఒకటి, బోల్టు ఒకటి – సామాను అంతే. ముందు ఒక బేరింగు, వెనుక రెండు. ముందు కట్టెను బోల్టుతో బిగించాడు కాబట్టి కాళ్ళతో నెడితే బండి అటూ ఇటూ తిరిగేది. వాలు ఉన్న సిమెంటు రోడ్డు మీద గరగరమని అది దిగుతుంటే వీధంతా వినిపించేది.

మొదటి బండి మలుపు దగ్గర బోల్తా పడింది. మా అందరి మోకాళ్ళూ గీసుకుపోయాయి. అప్పుడు ఆ అన్న లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో బండి బొమ్మ గీసి, వెనుక చక్రాల మధ్య దూరం ఎంత పెంచాలో కొలతలు వేశాడు. రెండో బండి బోల్తా పడలేదు. మూడో బండికి ముందు కట్టె పొడుగు తగ్గించాడు. అది చెప్పినట్టు తిరిగింది.

ఆ అన్న పోయిన ఏడు పదో తరగతి పరీక్షలో లెక్కల్లో తప్పాడు. ‘బండ్లు తోలుకుంటా తిరిగితే పాసెట్లవుతావు’ అని ఊళ్ళో అందరూ అన్నారు. అతడు బెంగళూరుకు సెంట్రింగు పనికి వెళ్ళిపోయాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మాతో ఇలా చెప్పాడు:

“అచ్చం మన బేరింగుల బండి మాదిరే ఉందిరా! కాకపోతే దానికి నాలుగు చక్రాలు. కూర్చోరు, నిలబడే తోలతారు. పెద్ద ఆఫీసు ముందర మెట్ల మీద నుంచి పలకతో సహా దూకినారు. వాచ్‌మన్ వచ్చి తరిమేసినాడు.”

కాసేపు ఊరుకొని మళ్ళీ అన్నాడు: “మేము పనిచేసే చోట ఒక పెద్ద కాగితం ఉంటాది. మెట్లు ఎన్ని, ఒక్కొక్కటి ఎంత ఎత్తు, అంతా గీసి ఉంటాది. మేస్త్రీ దాన్ని చూసి చెప్తాడు, మేము పలకలు కొడతాము. ఆ కాగితం గీసినోళ్ళను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.”

ఆ మాట మాకు గుర్తుండిపోయింది. ఆ పలక మీద దూకేవారెవరు, ఆ కాగితం గీసేవారెవరు అని మా సైన్సు సారు సాయంతో వెతికాం. వెతకగా వెతకగా, ఆ రెండు పనులూ చేసే మనిషి ఒకరు కనిపించారు. ఆమె పేరు అలెక్సిస్ సబ్లోన్. ఆమె జీవితమే ఈ పాఠం.

2. ఆట పుట్టిన విధం

స్కేట్‌బోర్డింగ్ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1950లలో వ్యాప్తిలోకి వచ్చింది. సముద్రపు అలల మీద పలకతో జారే ఆటను సర్ఫింగ్ అంటారు. అలలు లేని రోజుల్లో ఆ ఆటగాళ్ళు పలకకు చక్రాలు బిగించి రోడ్డు మీద జారేవారు. మొదట్లో ఆ చక్రాలు ఇనుముతోను, తరువాత మట్టి మిశ్రమంతోను చేసేవారు. చిన్న రాయి అడ్డం వచ్చినా చక్రం ఆగిపోయి మనిషి ముందుకు పడేవాడు. మా బేరింగుల బండితో మేము పడిన అవస్థే అది.

1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే యువకుడు యురేథేన్ అనే ప్లాస్టిక్ పదార్థంతో చేసిన చక్రాలను ఈ ఆటలోకి తెచ్చాడు. ఆ చక్రం కొంచెం మెత్తగా ఉండి నేలను పట్టుకుంటుంది, చిన్న రాళ్ళను దాటేస్తుంది. ఒక్క చక్రం మారడంతో ఆటే మారిపోయింది.

1976లో కాలిఫోర్నియాలో పెద్ద కరువు వచ్చింది. ఇళ్ళలోని ఈతకొలనులు ఎండిపోయాయి. ఆ కొలనుల గోడలు గిన్నె మాదిరి వంపు తిరిగి ఉండేవి. పిల్లలు ఆ ఖాళీ కొలనుల్లో దిగి గోడల మీదికి పలకతో ఎక్కడం మొదలుపెట్టారు. కరువు అంటే ఏమిటో మన సీమవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఎండిన చెరువులో మనం క్రికెట్ ఆడుకున్నట్టే వాళ్ళు ఎండిన కొలనులో ఆడారు. ఈతకోసం కట్టినది ఇంకో పనికి వచ్చింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. పాఠంలో ముందు ముందు మళ్ళీ వస్తుంది.

ఇలా వీధుల్లో, కొలనుల్లో పెరిగిన ఈ ఆట టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి చోటు సంపాదించింది. 2020లో జరగవలసిన ఆ పోటీలు కరోనా వల్ల 2021లో జరిగాయి.

3. పలకలో ఉన్న సైన్సు

పైకి చూస్తే స్కేట్‌బోర్డు ఒక మామూలు చెక్కముక్క. విప్పి చూస్తే ఒక్కో భాగం వెనుక ఒక్కో ఆలోచన ఉంది.

పలక: సాధారణంగా మేపుల్ అనే గట్టి చెక్కను పలుచని పొరలుగా తీసి, 7 పొరలను జిగురుతో అంటించి, యంత్రంలో నొక్కి తయారుచేస్తారు. చెక్కకు నార ఉన్న దిక్కున బలం ఎక్కువ, అడ్డంగా తక్కువ. అందుకని 5 పొరలు నిలువుగా, 2 పొరలు అడ్డంగా వేస్తారు. పలక పొడవు సుమారు 31 నుంచి 32 అంగుళాలు, వెడల్పు సుమారు 8 అంగుళాలు. ముందూ వెనుకా కొంచెం పైకి వంగి ఉంటుంది. పై భాగాన ఇసుక కాగితం అంటిస్తారు. కాలు జారకుండా ఉండడానికి ఘర్షణ కావాలి కదా!

ఇరుసు: దీనిని ట్రక్ అంటారు. ముందు ఒకటి, వెనుక ఒకటి. దీనిలో రబ్బరు లాంటి మెత్తని బిళ్ళలు ఉంటాయి. ఆటగాడు ఒక పక్కకు ఒరిగితే ఆ బిళ్ళ నొక్కుకొని ఇరుసు తిరుగుతుంది. మా బండి కాలితో నెడితే తిరిగేది. ఇది ఒంటి బరువుతోనే తిరుగుతుంది.

చక్రాలు, బేరింగులు: వీధి ఆటకు వాడే చక్రం 52 నుంచి 54 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. ఒక్కో చక్రానికి రెండు చొప్పున మొత్తం 8 బేరింగులు. ఒక్కో బేరింగు బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు. మేము ఏరుకొచ్చిన బేరింగే చక్రమై తిరిగింది కాబట్టి అంత చప్పుడు. ఇక్కడ బేరింగు చక్రం కడుపులో ఉంటుంది.

ఎగురు: ఈ ఆటకు ప్రాణం ‘ఆలీ’ అనే ఎగురు. అలాన్ గెల్ఫాండ్ అనే కుర్రవాడు 1970ల చివరలో వంపు గోడల మీద దీనిని కనిపెట్టాడు. 1980ల మొదట్లో రాడ్నీ ముల్లెన్ చదునైన నేల మీద చేసి చూపించాడు. పలక కాళ్ళకు కట్టి ఉండదు. అయినా మనిషి ఎగిరితే పలక అతని కాళ్ళను అంటిపెట్టుకొనే లేస్తుంది. ఇది ఎలా సాధ్యం?

వెనుక కాలితో పలక తోకను నేలకేసి గట్టిగా కొడతారు. వెనుక ఇరుసు ఆధార బిందువు అవుతుంది, పలక లీవరు అవుతుంది. తోక దిగితే ముందు భాగం లేస్తుంది. తోక నేలను కొట్టినంత గట్టిగా నేల తోకను పైకి నెడుతుంది. ఇది మనం చదివిన న్యూటన్ మూడవ గమన నియమం. అదే క్షణంలో ముందు కాలిని ఇసుక కాగితం మీద రాస్తూ ముందుకు జరుపుతారు. ఆ ఘర్షణ పలకను లాగి గాలిలో సమంగా నిలబెడుతుంది. ఇదంతా ఒక్క సెకనులోపు జరిగిపోతుంది. మన పుస్తకంలో వేర్వేరు పేజీల్లో ఉన్న లీవరు, ప్రతిచర్య, ఘర్షణ ఇక్కడ ఒకేచోట పనిచేస్తున్నాయి.

4. అలెక్సిస్ సబ్లోన్ – ఆటలో

అలెక్సిస్ సబ్లోన్ 1986లో పుట్టారు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఓల్డ్ సేబ్రూక్ అనే చిన్న పట్టణంలో పెరిగారు. చిన్న వయసులోనే పలక ఎక్కారు. ఆ రోజుల్లో ఈ ఆటలో ఆడపిల్లలు చాలా తక్కువ. 2002లో బోస్టన్ నగరంలోని ఒక స్కేట్‌బోర్డు దుకాణం వారు తీసిన వీడియోలో ఆమె ఆట కనిపించింది. అప్పటికి ఆమెకు సుమారు పదహారేళ్ళు. మగపిల్లల మధ్య వారితో సమానంగా ఆడిన ఆ అమ్మాయి ఎవరని ఆట తెలిసినవారంతా అడిగారు.

ఎక్స్ గేమ్స్ అనేది ఇలాంటి ఆటలకు పెద్ద పోటీ. అందులో మహిళల స్ట్రీట్ విభాగంలో ఆమె 2010, 2012, 2015 సంవత్సరాల్లో బంగారు పతకాలు గెలిచారు. అన్నీ కలిపి అక్కడ 7 పతకాలు సాధించారు. స్ట్రీట్ అంటే వీధిలో ఉండే మెట్లు, చేతికమ్ములు, దిమ్మెలు, వాలు గోడల వంటి వాటిని మైదానంలో కట్టి, వాటి మీద ఆడే పోటీ.

ఇక్కడ మన ఆడపిల్లలు గమనించవలసిన సంగతి ఒకటుంది. మొదట్లో ఆ పోటీల్లో ఆడవారికి ఇచ్చే బహుమతి సొమ్ము మగవారికి ఇచ్చే దానికంటే చాలా తక్కువగా ఉండేది. 2005 ప్రాంతంలో ఆటగత్తెలంతా ఒక్కటై ఇది న్యాయం కాదని అడిగారు. ఆ దశాబ్దం చివరికల్లా సొమ్ము సమానమైంది. ఊరకే కూర్చుంటే అది సమానమయ్యేది కాదు.

2021 జులైలో టోక్యోలో మహిళల స్ట్రీట్ ఫైనల్ జరిగింది. బంగారు పతకం గెలిచిన జపాన్ అమ్మాయి మొమిజి నిషియాకు 13 ఏళ్ళు. వెండి పతకం పొందిన బ్రెజిల్ అమ్మాయి రైస్సా లియాల్‌కు 13 ఏళ్ళు. కంచు పతకం పొందిన జపాన్ అమ్మాయి ఫునా నకయామాకు 16 ఏళ్ళు. నాలుగో స్థానంలో నిలిచిన అలెక్సిస్ సబ్లోన్‌కు 34 ఏళ్ళు! మన ఎనిమిదో తరగతి పిల్లల వయసువారితో, తన వయసులో సగం కూడా లేనివారితో ఆమె పోటీపడ్డారు. పతకం చేజారింది. కానీ ఆమె చేతిలో ఆట ఒక్కటే లేదు. తరువాత 2024 పారిస్ ఒలింపిక్స్ సమయంలో అమెరికా మహిళల స్ట్రీట్ ఆటగాళ్ళకు ఆమె శిక్షకురాలిగా పనిచేశారు.

5. అలెక్సిస్ సబ్లోన్ – చదువులో

ఆమె న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాలలో ఆర్కిటెక్చర్ చదివారు. ఆర్కిటెక్చర్ అంటే భవన నిర్మాణ రూపకల్పన. మా అన్న పని దగ్గర చూసిన పెద్ద కాగితం గీసే చదువు ఇదే. తరువాత ప్రపంచ ప్రసిద్ధి పొందిన మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరి 2016లో మాస్టర్ ఆఫ్ ఆర్కిటెక్చర్ పట్టా పొందారు.

ఈ సంవత్సరాలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. బంగారు పతకం 2015లో, పట్టా 2016లో. అంటే పెద్ద చదువు చదువుతూనే ఆమె బంగారు పతకం గెలిచారు. ‘ఆట ఆడితే చదువు రాదు, చదివితే ఆట రాదు’ అన్న మాటకు ఈ రెండు సంవత్సరాలే జవాబు.

అయితే ఆట, చదువు రెండూ చేశారని మెచ్చుకొని ఊరుకుంటే పాఠం సగమే చదివినట్టు. ఆట నేర్పిన చూపే ఆమెకు చదువులో పనికొచ్చింది, చదువు నేర్పిన చూపు ఆటలో పనికొచ్చింది. స్కేట్‌బోర్డు ఆడేవారు ఊళ్ళో నడుస్తుంటే మెట్టు ఎత్తు చూస్తారు. గచ్చు నున్నగా ఉందా, గరుకుగా ఉందా చూస్తారు. దిమ్మె అంచు పదునుగా ఉందా, అరిగిందా చూస్తారు. మెట్ల ముందర పరుగుకు ఎంత చోటుందో అంచనా కడతారు. ఆర్కిటెక్టు చూడవలసినవి కూడా ఇవే. ఒకరు దూకడానికి చూస్తారు, ఒకరు కట్టడానికి చూస్తారు.

చెప్పులు చేసేవారికి నడక తెలియాలి. ఈమె బూట్లు కూడా రూపొందించారు. కన్వర్స్ అనే కంపెనీ 2023లో ఆమె పేరు మీద ఏఎస్-1 ప్రో అనే స్కేట్‌బోర్డింగ్ బూట్లు విడుదల చేసింది. ఇసుక కాగితం మీద రోజూ కాలు రాసే మనిషికి బూటు ఎక్కడ ముందు చిరుగుతుందో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

6. మాల్మోలో ఒక బొమ్మ

స్వీడన్ దేశంలో మాల్మో అనే నగరం ఉంది. ఆ నగరం స్కేట్‌బోర్డు ఆడే పిల్లలను తరిమెయ్యకుండా ఆదరించింది. అక్కడ 2006లో మొదలైన బ్రిగ్గెరియెట్ అనే ఉన్నత పాఠశాలలో స్కేట్‌బోర్డింగ్ కూడా పాఠ్యాంశమే. లెక్కలు, సైన్సుతో పాటు ఆటకు కూడా పిరియడ్ ఉంటుంది.

ఆ మాల్మోలో ఒక చౌకు కోసం అలెక్సిస్ సబ్లోన్ 2018లో ఒక శిల్పం రూపొందించారు. దాని పేరుకు తెలుగులో ‘చౌకులో స్త్రీ’ అని అర్థం. దాని ఎత్తుపల్లాలు, వంపులు కలిసి ఒక స్త్రీ ముఖం రూపు దిద్దుకుంటుంది. అది చూడడానికి శిల్పం. అలసినవారికి కూర్చునే చోటు. పలక తెచ్చుకున్నవారికి ఆటస్థలం. అక్కడ ‘ముట్టరాదు’ అన్న బోర్డు అవసరం లేదు. అమెరికాలోని మాంట్‌క్లేర్ అనే పట్టణంలో కూడా ఆమె టెన్నిస్ కోర్టుల నేలకు రంగులు వేయించి, ఆడుకోవడానికి వీలైన బొమ్మలు అమర్చి, ఆ చోటును పిల్లలకు ఆటస్థలంగా మార్చారు.

చాలా నగరాల్లో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. దిమ్మెల అంచులకు ఇనుప ముక్కలు బిగిస్తారు, పలక జారకుండా. మెట్ల దగ్గర కాపలా పెడతారు. మా అన్న బెంగళూరులో చూసింది అదే. కట్టేవారికి ఆడేవారి సంగతి తెలియకపోతే తరమడమే మిగులుతుంది. ఆడినవారే కట్టేవారైతే అందరికీ చోటు దొరుకుతుంది. సబ్లోన్ పని నుంచి మేము నేర్చుకున్నది ఇదే.

7. మన అరుగు చెప్పే పాఠం

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన పల్లెల్లో ఇంటి ముందర రాతి అరుగు ఉంటుంది. అది ఒక్క పనికోసమే కట్టింది కాదు. పొద్దున పాలక్యాను దానిమీదే దించుతారు. మధ్యాహ్నం అవ్వ దానిమీదే చింతపండు కొడుతుంది. సాయంత్రం పిల్లలు దానిమీద బొగ్గుతో గీతలు గీసి పులి-మేక ఆడతారు. రాత్రి తాత దానిమీదే నడుం వాలుస్తాడు. ఎవరు ఎప్పుడు వచ్చినా కాదనదు. మాల్మోలో శిల్పం చేసే పని మన అరుగు ఎన్నో ఏళ్ళుగా చేస్తోంది.

మన పక్కన కుప్పం వైపు క్వారీల నుంచి గ్రానైటు రాయి దూరదూరాలకు పోతుంది. నున్నగా పాలిష్ పట్టిన గ్రానైటు దిమ్మె కనిపిస్తే స్కేట్‌బోర్డు ఆడేవారికి పండుగే. పలక దానిమీద చక్కగా జారుతుంది. రాయి తీసే చేతులు మనవి, పలకలు కొట్టే చేతులు మనవి. గీసే చేతులు మాత్రం మనవి ఎందుకు కాకూడదు?

డిజైన్ అంటే అందం కోసం రంగులు పూయడం మాత్రమే కాదు. ఒక వస్తువు ఎవరికి, ఎందుకు, ఎలా పనికిరావాలో ముందుగా ఆలోచించి, కొలిచి, గీసి, చేసి, పరీక్షించి, లోపం ఉంటే మళ్ళీ సరిదిద్దడం. ఆ లెక్కన మా అన్న చేసిన మూడు బండ్లూ డిజైనే. అతనికి ఆ మాట తెలియదు. మాకూ తెలియదు. అందుకే లెక్కల నోటుబుక్కు చివరి పేజీని అందరూ చెడగొట్టిన పేజీ అనుకున్నారు. నిజానికి ఆ పుస్తకంలో లెక్కలు ప్రాణం పోసుకున్న పేజీ అదొక్కటే.

8. మన దేశంలో

మన తెలుగువారిలో చక్రాల మీద పేరు తెచ్చుకున్నవారు ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా రోలర్ స్కేటింగ్ క్రీడాకారుడు. ఇందులో పలక ఉండదు, చక్రాలు బూట్లకే ఉంటాయి. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆయన సింగిల్స్‌లో ఒకటి, జంట విభాగంలో ఒకటి, రెండు కంచు పతకాలు సాధించారు. 2015లో అర్జున పురస్కారం అందుకున్నారు.

మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో జన్వార్ అనే పల్లె ఉంది. 2015లో అక్కడ పిల్లలకోసం సిమెంటుతో స్కేట్‌బోర్డింగ్ మైదానం కట్టారు. అక్కడి నియమాలు రెండు: బడికి పోనివారికి పలక లేదు, ఆడపిల్లలకే మొదటి వంతు. ఆ రెండు నియమాలతో వేర్వేరు కులాల పిల్లలు ఒకే పలకను పంచుకోవడం నేర్చుకున్నారు. ఆ పల్లెకు చెందిన ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో మన దేశం తరఫున ఆడింది. మనలాంటి పల్లె, మనలాంటి ఇల్లు. దూరం అనుకున్నది అంత దూరం కాదని ఆమె చూపించింది.

9. మనకు దారి ఏది?

ఇంత చదివాక ‘మనకు సాధ్యమా’ అనే ప్రశ్న వస్తుంది. అలెక్సిస్ సబ్లోన్‌కు ఉన్న వసతులు మనకు లేవు. ఇది నిజం. అయితే కాగితం గీసే చదువులకు మన రాష్ట్రంలోనే దారులు ఉన్నాయి. మాకు తెలిసినవి ఇక్కడ ఇస్తున్నాం.

పదో తరగతి తరువాత: పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చు. సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమాతో పాటు ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ అనే డిప్లొమా కూడా ఉంది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ అనే రెండేళ్ళ ట్రేడు ఉంది. ప్లాను చదవడం, గీయడం అందులో నేర్పుతారు.

ఇంటర్ తరువాత: ఐదేళ్ళ బి.ఆర్క్ కోర్సు ఉంది. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండాలి. దానికి నాటా అనే ప్రవేశ పరీక్ష ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో చాలావాటికి జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు రాయాలి. విజయవాడలో 2008లో స్థాపించిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. మనకు దగ్గరలో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. వస్తువుల రూపకల్పన నేర్చుకోవాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఉంది. మన రాష్ట్రంలో అది 2015లో మొదలైంది. దాని ప్రవేశ పరీక్ష ఏ గ్రూపు వారైనా రాయవచ్చు. బొమ్మ గీయడం, గమనించడం, ఆలోచించడం ఆ పరీక్షలో ముఖ్యం.

తప్పినవారికి: పదో తరగతిలో ఒక సబ్జెక్టు తప్పితే బతుకు తప్పినట్టు కాదు. సప్లిమెంటరీ ఉంది. ఓపెన్ స్కూల్ ద్వారా పనిచేసుకుంటూ కూడా పది పూర్తిచేయవచ్చు. ఈ చదువుల్లో రిజర్వేషన్లు ఉన్నాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందుగానే తీసి పెట్టుకోండి. చివరి తేదీ రోజు మండలాఫీసు ముందర వరుసలో నిలబడి సీటు పోగొట్టుకోవద్దు.

10. ముగింపు

మిత్రులారా! చిన్నప్పుడు మనకు అక్షరాలు నేర్పింది పలక. అలెక్సిస్ సబ్లోన్‌కు ఆట నేర్పింది కూడా ఒక పలకే. ఆమె ఒక పలక మీద నిలబడింది, ఇంకో పలక మీద గీసింది. రెండింటిలో ఏదీ వదల్లేదు. ఆడేటప్పుడు కళ్ళు తెరిచి ఆడింది, చదివేటప్పుడు ఆడిన సంగతి మరిచిపోలేదు.

అందరం ఆమె అంత గొప్పవాళ్ళం కాలేకపోవచ్చు. కానీ మనం ఆడే ఆటలో, చేసే బండిలో, గీసే బొమ్మలో చదువు దాగి ఉందని తెలుసుకుంటే చాలు, ఆ చదువు మన చేయి దాటిపోదు. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నోటుబుక్కు చివరి పేజీలో ఏదైనా గీస్తే చించివేయకండి. ‘ఇది ఏమిటి, కొలత ఎంత?’ అని అడగండి.

ఈ సంచిక ప్రతి ఒకటి బెంగళూరులో ఉన్న మా అన్నకు పంపుతున్నాం. దానితో పాటు ఓపెన్ స్కూల్ దరఖాస్తు కూడా పెడుతున్నాం. లెక్కలు మేము నేర్పుతాం. బండి ఎలా తిప్పాలో అతడు మాకు నేర్పాడు కదా!

ఆలోచించండి – చేసి చూడండి

1. ఒక స్కేలును పెన్సిలు మీద పెట్టి ఒక కొనను నొక్కండి. రెండో కొన ఎంత ఎత్తు లేచింది? పెన్సిలును జరిపి మళ్ళీ చూడండి. పలక తోక పొట్టిగా ఎందుకు ఉంటుందో మీకే తెలుస్తుంది.

2. మన బడి మెట్ల ఎత్తు, వెడల్పు కొలవండి. అన్నీ సమానంగా ఉన్నాయా? ఒక మెట్టు తేడాగా ఉంటే నడిచేవారికి ఏమవుతుంది?

3. మూడో తరగతి పిల్లవాడికీ, పదో తరగతి వాడికీ ఒకే కొళాయి సులభంగా అందాలంటే దానిని ఎంత ఎత్తులో పెట్టాలి? పదిమంది చేతుల ఎత్తు కొలిచి, బొమ్మ గీసి చూపండి.

4. మీ ఊళ్ళో ఒకటి కంటే ఎక్కువ పనులకు ఉపయోగపడే చోటు ఏది? దానిని ఎవరెవరు ఎప్పుడెప్పుడు వాడుకుంటారో ఒకరోజు గమనించి రాయండి.